తూము ఎంతో పారకం అంత

మోత్కూర్‌లో మాఘమాసం వచ్చిందంటే ఫోటో స్టూడియోల వాళ్లకు నిద్ర ఉండదు. పొద్దున హల్దీ, రాత్రి బారాత్, మధ్యలో తలంబ్రాలు. మూడు కెమెరాలు, ఒక డ్రోన్. అందులోంచి దిగిన ఫుటేజీ అంతా చివరికి బజారులో ఏదో ఒక మేడ మీది చిన్న గదిలోని కంప్యూటర్‌కు చేరుతుంది. అలాంటి ఒక గదిలో, నిరుడు, కింద పరిచిన దినపత్రిక మీద మూడు కొత్త వస్తువులు పెట్టుకుని ఒక కుర్రాడు నాకు వీడియో కాల్ చేశాడు.

"అన్నా, ర్యామ్ కూసుంటలేదు. కొంచెం గట్టిగ ఒత్తాల్నా?"

"వద్దు తమ్మీ, చెయ్యి తియ్. ముందు నాకు దాని అంచు చూపియ్."

ఫోన్ దగ్గరికి తెచ్చాడు. పచ్చని పలక కింది అంచు వెంట బంగారు రంగు గీతలు, వాటి మధ్య ఒక గంటు. బోర్డు మీది స్లాట్‌లో ఆ గంటుకు సరిపడే చిన్న దిమ్మ ఉంటుంది. గంటు ఒకచోట ఉంది, దిమ్మ ఇంకోచోట ఉంది. తేడా చూస్తే కొన్ని మిల్లీమీటర్లే. డీడీఆర్4కు 288 గీతలే, డీడీఆర్5కు 288 గీతలే, పొడవూ అంతే. కానీ మొదటిది 1.2 వోల్టుల మీద నడుస్తుంది, రెండోది 1.1 మీద. లోపలి తీగల అమరిక కూడా వేరు. ఒకదాని చోట ఒకటి పెట్టి కాల్చుకోవద్దనే ఆ గంటును కావాలని పక్కకు జరిపారు. మా తమ్ముడు కొన్న బోర్డు బీ760 రకం. ఈ రకం బోర్డులు రెండు ర్యాములకూ వస్తాయి, కానీ ఏ బోర్డుకు ఆ ర్యామే. అతని డబ్బా మీద పేరు చివర చిన్నగా 'డీ4' అని ఉంది. ర్యామ్ మాత్రం ఆన్‌లైన్ సేల్‌లో అగ్గువకు దొరికిందని డీడీఆర్5 తెప్పించాడు.

ఒత్తి ఉంటే స్లాట్ పగిలేది. ఆపాడు కాబట్టి నష్టం ర్యామ్ మార్చుకునే తిప్పలతో పోయింది. ఆ సాయంత్రం ర్యామ్‌తో మొదలైన మాట నాలుగు రోజులు నడిచింది. ఈ అధ్యాయంలో ఉన్నది చాలావరకు ఆ మాటే.

మదర్‌బోర్డు గురించి జనంలో ఒక భ్రమ ఉంది, అది ఖరీదైనదైతే కంప్యూటర్ పరుగెత్తుతుందని. పరుగెత్తదు. బోర్డు ఏ లెక్కా చేయదు, ఏ బొమ్మా గీయదు. అది దారి ఇస్తుంది, కరెంటు ఇస్తుంది. ఎవరికి ఎంత వెడల్పు దారి, ఎవరెవరు ఒకే దారిని పంచుకోవాలి, ఎవరికి అసలు దారే లేదు, ఇవన్నీ ఫ్యాక్టరీలోనే రాసిపెట్టి ఉంటాయి. మనం కొనేది ఆ రాతను.

మన వైపు గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద చెరువు కట్ట కిందనే ఉన్న పొలానికి నేరుగా నీళ్లు అందుతాయి. దూరంగా ఉన్న పొలాలన్నింటికీ ఒకటే తూము, ఒకటే కాలువ, నీళ్లు వదిలే నీరటి ఒక్కడే. ప్రాసెసర్ పెద్ద చెరువు. దానికి కట్ట కింది పొలాలు రెండు మూడే: ర్యామ్, గ్రాఫిక్ కార్డు, కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 డిస్కు. మిగతా అందరూ, అంటే రెండో డిస్కు, సాటా డిస్కులు, యూఎస్‌బీలు, నెట్‌వర్కు, శబ్దం, చిప్‌సెట్ అనే నీరటి దగ్గర వరుస కట్టాలి. చిప్‌సెట్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న దారినే ఇంటెల్ డీఎంఐ అంటుంది. మా వాడి ప్రాసెసర్ పన్నెండో తరానిది. దాని బోర్డుల్లో హెచ్610, బీ660, బీ760 రకాలకు ఈ తూము నాలుగు వరుసలది, సెకనుకు సుమారు 8 గిగాబైట్లు. జెడ్690, జెడ్790కు ఎనిమిది వరుసలు, అంటే దానికి రెట్టింపు. హెచ్610లో ఇంకో లోటుంది. ప్రాసెసర్ నుంచి నేరుగా డిస్కుకు వెళ్లే నాలుగు వరుసలు అక్కడ ఉండవు, కట్ట కింది పొలం ఒకటి తగ్గినట్టే. ర్యామ్ స్లాట్లు కూడా రెండే. బిల్లులు కొట్టే దుకాణానికి అది చాలు. ఎడిటింగ్‌కు వద్దంటాను.

ఇంతకూ మన పొలానికి ఎన్ని నీళ్లు కావాలి? ఈ లెక్క వేయకుండా కొనేవాళ్లే ఎక్కువ.

4కే చిత్రంలో ఒక ఫ్రేముకు అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. గుణిస్తే 82,94,400. చుక్కకు మూడు బైట్ల చొప్పున ఒక్క ఫ్రేము దాదాపు 25 మెగాబైట్లు. సెకనుకు 25 ఫ్రేములు అంటే 622 మెగాబైట్లు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 దాకా ఇస్తుంది. అంటే ఒక్క కెమెరా దృశ్యానికే చాలదు అనిపిస్తుంది. కానీ కెమెరా ఈ లెక్కన రాయదు. నొక్కి, మడిచి, సెకనుకు 100 మెగాబిట్లకు, అంటే 12.5 మెగాబైట్లకు కుదించి రాస్తుంది. నాలుగు కెమెరాలు ఒకేసారి టైమ్‌లైన్ మీద పెట్టినా 50 మెగాబైట్లే. పాత హార్డ్‌డిస్కు కూడా లాగగలిగే బరువే ఇది.

మరి టైమ్‌లైన్ ఎందుకు ఇరుక్కుంటుంది? డిస్కు నుంచి 50 వచ్చినా, మడత విప్పాక ర్యామ్‌లో అది నాలుగు ఆరువందల ఇరవైరెండులు అవుతుంది. తిప్పలంతా విప్పే దగ్గర, విప్పినదాన్ని మోసే దగ్గర. అందుకే ర్యామ్ ఒక్క కడ్డీగా కొనొద్దు. డీడీఆర్4-3200 ఒక్క కడ్డీకి సెకనుకు 25.6 గిగాబైట్ల దారి, రెండు కడ్డీలు సరైన స్లాట్లలో పెడితే 51.2. 32 జీబీ ఒక్కటి, 16 జీబీలు రెండు, ధర దాదాపు ఒకటే, కానీ దారి సగానికి సగం తేడా. నాలుగు స్లాట్లూ నింపితే ఇంకా మేలనుకుంటారు. డీడీఆర్5లో అది ఎదురు తిరుగుతుంది. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో రెండు కడ్డీలకు 5200 వేగానికి హామీ ఉంటే, నాలుగు పెడితే హామీ 3600కు పడిపోతుంది.

ఇక విప్పే సంగతి. ఇక్కడే మా తమ్ముడి రెండో పొరపాటు బయటపడింది.

అతని కెమెరా సోనీ ఏ7-4. అది 10 బిట్ల 4:2:2 పద్ధతిలో రాయగలదు. అంకెలు చూసి భయపడక్కర్లేదు. మన కన్ను వెలుగునీడల్లో తేడాను చప్పున పట్టుకుంటుంది, రంగులో తేడాను అంతగా పట్టుకోదు. ఆ బలహీనతను ఆసరా చేసుకుని కెమెరాలు ప్రతి చుక్కకూ వెలుగును రాసి, రంగును మాత్రం పక్కపక్కనున్న రెండేసి చుక్కలకు ఒకటిగా రాస్తాయి. అది 4:2:2. పై వరుసకూ కింది వరుసకూ కలిపి ఇంకా సగం చేస్తే 4:2:0. పెళ్లికూతురి ఎర్రచీర మీది జరీ అంచును ఎడిటింగ్‌లో రంగు దిద్దేటప్పుడు మొదటిదే బాగా నిలబడుతుంది. పోచంపల్లి చీర అయితే మరీను. ఆ చీరలో రంగుకూ రంగుకూ మధ్య అంచు సహజంగానే కాస్త చెదిరి ఉంటుంది, దాన్ని కెమెరా ఇంకా చెదరగొడితే చూడబుద్ధి కాదు.

ఈ 4:2:2ను హెచ్‌ఈవీసీ మడతలో రాస్తే, ఆ మడత విప్పే ప్రత్యేక యంత్రాంగం ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది. పేరు క్విక్ సింక్. విచిత్రమేమిటంటే ఎన్‌విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుస దాకా ఈ 4:2:2ను విప్పే సదుపాయం లేదు. మా వాడి దగ్గర ఉన్నది ఆర్‌టీఎక్స్ 3060. ప్రాసెసర్ ఐ7-12700ఎఫ్. చివర ఉన్న ఆ 'ఎఫ్'కు అర్థం లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు అని. కొంత అగ్గువకు వస్తుందని, గ్రాఫిక్ కార్డు ఎలాగూ ఉంది కదా అని తీసుకున్నాడు. ఆటలాడుకునేవాళ్లకు అది తెలివైన పని. ఇతనికి మాత్రం కార్డు విప్పలేదు, ప్రాసెసర్‌లో విప్పే భాగం లేదు, పన్నెండు కోర్లూ చెమటోడ్చి చేత్తో విప్పుకోవాలి. ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్విక్ సింక్ మీట నొక్కుదామంటే అక్కడ నొక్కడానికేమీ ఉండదు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం మాత్రం దర్జాగా కనిపిస్తుంది. 'ఎఫ్' పెట్టాక అందులో తీగ గుచ్చితే తెర నల్లగా ఉండిపోతుంది, బోర్డు పోయిందని దుకాణానికి పరుగెత్తేవాళ్లు ఎందరో.

ఎడియస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. జపాన్‌లోని కోబె నగరంలో కనోపస్ అనే కంపెనీ దాన్ని తయారుచేసింది, తర్వాత అది గ్రాస్ వ్యాలీ పేరు కిందికి వచ్చింది. మన పెళ్లి వీడియోల వాళ్లు దాన్ని ఎన్నేళ్లుగానో పట్టుకుని ఉన్నారు. సినిమావాళ్లు వేరేవి వాడతారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' లాంటివి వచ్చాక యూట్యూబ్ కుర్రాళ్లలో ప్రీమియర్, డావిన్సీ రిసాల్వ్ వాడకం పెరిగింది. మూడింటికీ ఆకలి ఒకేలా ఉండదు. రిసాల్వ్ గ్రాఫిక్ కార్డును తింటుంది, ఎడియస్ ప్రాసెసర్‌ను తింటుంది. అందుకే బోర్డు ఎంపిక దుకాణంలో మొదలవదు. ఏ కెమెరా, ఏ మడత, ఏ సాఫ్ట్‌వేర్, దాన్నిబట్టి ఏ ప్రాసెసర్, దాన్నిబట్టి ఏ బోర్డు. బిగించేటప్పుడు బోర్డే మొదటిది. ఎంచుకునేటప్పుడు మాత్రం దాని వంతు చివర్లో వస్తుంది.

ప్రాసెసర్ దిగే గూడును సాకెట్ అంటారు. పన్నెండు, పదమూడు, పద్నాలుగో తరాల ఇంటెల్‌కు ఎల్‌జీఏ 1700. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200కు 1851. రైజెన్ 7000 నుంచి ఏఎం5, దానికి 1718 పిన్నులు. అంకె కలిస్తే చాలనుకోవద్దు. ఆరు, ఏడు తరాలకు ఎల్‌జీఏ 1151 గూడు. ఎనిమిదో తరం 2017 చివర్లో వచ్చినప్పుడు దానికీ 1151నే. పిన్నుకు పిన్ను దిగుతుంది, మూత పడుతుంది, కానీ పాత బోర్డులో కంప్యూటర్ లేవదు. పిన్నుల్లో కరెంటు పంపకం మార్చేశారు. పాత సామాను అమ్మే చోట ఇప్పటికీ ఆ రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. అందుకే సాకెట్ పేరుతో ఆగకుండా, బోర్డు కంపెనీ ఇచ్చే ప్రాసెసర్ల జాబితాలో మన నంబరు ఉందా, ఏ బయాస్ వెర్షన్ నుంచి ఉంది అని చూడాలి.

బయాస్ అంటే బోర్డు పుట్టుకతో నేర్చుకున్న చదువు. బోర్డు తర్వాత పుట్టిన ప్రాసెసర్‌ను అది గుర్తుపట్టదు, మళ్లీ చదివించాలి. ఒక్కోసారి రోగానికి మందు కూడా అందులోనే వస్తుంది. పదమూడు, పద్నాలుగో తరాల్లోని పెద్ద ప్రాసెసర్లు అవసరానికి మించి వోల్టేజీ అడిగి దెబ్బతింటున్నాయని తేలాక, ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి వరుసగా ఇచ్చిన సవరణలు బయాస్ రూపంలోనే అందాయి. ఆ రకం సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ సంగతి మరవొద్దు. బయాస్ మార్చే నాలుగైదు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు మొద్దుబారిపోతుంది. మన దగ్గర ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే ముందు పోయేది కరెంటే కనుక, యూపీఎస్ లేకుండా ఆ పనికి పూనుకోవద్దు. పెన్‌డ్రైవ్ గుచ్చి, ప్రాసెసర్ లేకుండానే బయాస్ మార్చుకునే మీట వెనకాల ఉన్న బోర్డు దొరికితే దానికి ఐదొందలు ఎక్కువైనా ఇస్తాను.

ఇప్పుడు వేడి.

12700 డబ్బా మీద 65 వాట్లని ఉంటుంది. రెండర్ పెట్టినప్పుడు అది 180 దాకా అడుగుతుంది. అడిగేది కూడా 12 వోల్టుల దగ్గర కాదు, సుమారు 1.2 దగ్గర. భాగించి చూడండి: 150 ఆంపియర్లు! పొలంలో 5 హెచ్‌పీ మోటారు ఒక్కో ఫేజులో గుంజేది ఏడెనిమిది ఆంపియర్లు. అగ్గిపెట్టెంత చోటులో అన్ని ఆంపియర్లు దిగాలి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12ను 1.2కు దించే పని ప్రాసెసర్ చుట్టూ వరుసగా నిలబడ్డ చిన్న నల్ల చిప్పులది, వాటి పక్కన బూడిదరంగు దిమ్మలది. దాన్ని వీఆర్‌ఎం అంటారు. అది నూటికి తొంభై పాళ్లు సమర్థంగా పనిచేసినా, మిగిలిన పదిపాళ్లు, అంటే ఇరవై వాట్లు, అరచేతి వెడల్పు చోట వేడిగా మారుతుంది. ఆ పనిని ఎన్ని వరుసలు పంచుకుంటే ఒక్కోదానికి అంత తక్కువ వేడి. ఎందుకంటే తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది. భారం సగమైతే వేడి పావు అవుతుంది.

అగ్గువ బోర్డుల్లో ఆ చిప్పుల మీద అల్యూమినియం దిమ్మ ఉండదు. ఆటలో ప్రాసెసర్ కాసేపు గుంజి, కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది కనుక నడిచిపోతుంది. పెళ్లి వీడియో రెండర్ అలా కాదు, రెండు గంటలు ఏకబిగిన. మొదటి పది నిమిషాలు పరుగెత్తి, వీఆర్‌ఎం కాగిపోగానే బోర్డు తనంతట తానే ప్రాసెసర్ గొంతు నొక్కుతుంది. మే నెలలో రేకుల కప్పు కింద, బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఈ నొక్కుడు ఇంకా తొందరగా వస్తుంది. "పొద్దున గంటల అయితది, మాపటికి అదే రెండు గంటలు తీస్కుంటది" అని మా తమ్ముడు పాత మిషన్ గురించి చెప్పిన మాటలో ఏ మాయా లేదు. నేను బోర్డు చూసేటప్పుడు మొదట ఆ దిమ్మలనే చూస్తాను. రంగుల లైట్లు, బొమ్మ రాక్షసుడి తలకాయ ఉన్నాయా లేవా అన్నది నాకు అక్కర్లేదు.

శబ్దం వేరే లోకం. వీడియోకు కావలసింది బలం, శబ్దానికి కావలసింది సమయపాలన. సెకనుకు 48,000 నమూనాలు. కంప్యూటర్ వాటిని గుప్పెళ్లుగా తీసుకుంటుంది. గుప్పెడుకు 256 అయితే 5.3 మిల్లీసెకన్లు. లోపలికొక గుప్పెడు, బయటికొక గుప్పెడు, కలిపి పదకొండు దాకా. గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి, పాడే ఆమెకు హెడ్‌ఫోన్‌లో తన గొంతు మూడున్నర మీటర్లకు పైగా దూరం నుంచి వినిపించినట్టు. జానపదం పాడే మనిషి తాళం అక్కడే తప్పుతుంది. గుప్పెడు చిన్నది చేస్తే ఆలస్యం తగ్గుతుంది, కానీ అంత తొందరగా గుప్పెడు అందకపోతే చిటపటలు వస్తాయి. ఆ అందకపోవడం ప్రాసెసర్ నీరసం వల్ల అనుకుంటారు. చాలాసార్లు కారణం వైఫై డ్రైవరో నెట్‌వర్క్ డ్రైవరో మధ్యలో దూరి కొన్ని మిల్లీసెకన్లు గద్దె దిగకపోవడం. రికార్డింగ్ వేళ వైఫై ఆపి చూడండి, ఖర్చు లేని వైద్యం.

యూఎస్‌బీ దగ్గర కూడా బోర్డు జాతకం బయటపడుతుంది. 2021 మొదట్లో ఏఎండీ 500 వరుస బోర్డుల్లో యూఎస్‌బీ పరికరాలు ఉన్నట్టుండి తెగిపోయేవి. కంపెనీ ఒప్పుకుని ఆ ఏప్రిల్‌లో బయాస్ సవరణ ఇచ్చింది. టేకు మధ్యలో మైకు తెగిపోయిన గాయకులకు అది చిన్న సంగతి కాదు. ఇంకొకటి. యూఎస్‌బీ 3 రంధ్రాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే పత్రం రాసింది. వైర్‌లెస్ మైకు రిసీవర్‌ను హార్డ్‌డిస్కు తీగ పక్కనే గుచ్చితే గొంతు తెగితెగి రావడానికి అదొక కారణం. యూఎస్‌బీ 2 రంధ్రాలు కొన్ని దూరంగా ఉన్న బోర్డు మంచిది. ఇక బోర్డు మీదే ఉండే శబ్దం చిప్పు వినడానికి సరే. రికార్డింగ్‌కు బయటి ఇంటర్‌ఫేస్ పెట్టుకోవాల్సిందే. దాంతో కూడా 'గుయ్' మంటే అది బోర్డు తప్పు కాదు. అది 50 హెర్ట్జ్ కరెంటు పాట, ఎర్తింగ్ లేని మూడో పిన్ను పాడుతున్నది.

కొనే ముందు బోర్డు మాన్యువల్ కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో స్లాట్ల బొమ్మ కింద సన్నని అక్షరాల్లో ఉన్నవి చదవండి. 'ఈ ఎం.2 స్లాట్ నిండితే ఫలానా సాటా రంధ్రం పనిచేయదు' అని ఉంటుంది. పొడుగ్గా పదహారు వరుసల స్లాట్ లాగే కనిపించే రెండోది లోపల నాలుగు వరుసలే అని ఉంటుంది. డిస్కులు ఐదారు పెట్టుకునే స్టూడియోకు ఈ రెండు వాక్యాలే ముఖ్యం.

మా తమ్ముడు డీ4 బోర్డునే ఉంచుకున్నాడు, ఈ పనికి డీడీఆర్4కూ 5కూ అంత తేడా రాదని నేనే చెప్పాను. డీడీఆర్5 కడ్డీలు దోస్తుకు అమ్మి, 16 జీబీవి రెండు తెచ్చుకున్నాడు. ప్రాసెసర్ సీలు విప్పలేదు కాబట్టి సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పైన కొంత కట్టి ఎఫ్ లేని 12700కు మార్చుకొచ్చాడు. ఈసారి వీడియో కాల్‌లో కాదు, నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. సాకెట్ మూత తీస్తే ఫోన్ టార్చి వెలుగులో 1700 పిన్నులు నూగులా మెరిశాయి. అన్నీ వంగి, గాలికి వాలిన వరిమడిలా ఉన్నాయి. ప్రాసెసర్ మూలన ఉన్న బంగారు త్రికోణాన్ని గూటి మూలనున్న గుర్తుకు ఎదురుగా పట్టుకుని, ఒత్తకుండా వదిలేశాడు. కొక్కెం వేస్తున్నప్పుడు కిర్రుమంటే అతని గుండె ఆగినంత పనైంది. ఆ కొక్కెం అలాగే కిర్రుమంటుంది.

పాతది 2014లో కొన్న నాలుగో తరం మిషన్. దాన్ని తుక్కుకు వేద్దామా అన్నాడు. అప్పుడే మెట్లెక్కి ఒక పెద్దాయన వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు మినీడీవీ క్యాసెట్లు. 2006లో బిడ్డ పెళ్లి, భార్య ఇప్పుడు లేదు, మనవరాలికి చూపించాలట. ఆ క్యాసెట్ ఫైర్‌వైర్ తీగలోంచే దిగుతుంది. ఫైర్‌వైర్ కార్డు పాత పీసీఐ రకం. కొత్త బోర్డు మీద నేనూ వాడూ ఇద్దరం వంగి చూశాం, అలాంటి స్లాట్ ఒక్కటీ లేదు. పాత మిషన్ మీద దుమ్ము తుడిచి, మూలన బల్ల మీద పెట్టి తీగ గుచ్చాడు. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది, దాన్ని తొందరపెట్టడానికి లేదు. "కూసో పెద్దనాయినా, చాయ్ తాగుదువు" అని కుర్చీ జరిపాడు.